పసిపిల్లలకీ పెద్దవాళ్లకీ ఒకే ముద్దతో జపాన్ వెజిటబుల్ కొరొక్కె

మా పాపని పొద్దున్న హోయికుయెన్‌లో, అంటే ఇక్కడి డేకేర్‌లో దింపేసి సాయంత్రం తెచ్చుకునేటప్పుడు టీచర్లు ఒక చిన్న నోట్‌బుక్ చేతికిస్తారు, రెన్‌రకుచో అంటారు దాన్ని. ఆ రోజు పిల్ల ఎంతసేపు పడుకుంది, ఏం తింది, ఎంత తింది, ఒళ్లు వెచ్చగా ఉందా అన్నీ అందులో రాసుంటాయి. పోయిన చలికాలంలో ఒకరోజు అందులో "కొరొక్కె ఒకావరి చేసింది" అని ఉంది. ఒకావరి అంటే మారు అడగడం. ఇంట్లో నాలుగు ముద్దలు తినిపించాలంటే నలభై నిమిషాలు పట్టే పిల్ల అక్కడ ప్లేటు ఖాళీ చేసి మారు అడిగిందంటే ఆ ఒక్క లైను నేను ఎన్నిసార్లు చదువుకున్నానో, ఆ శనివారమే కూర్చుని కొరొక్కె చేయడం మొదలుపెట్టాను, ఇప్పటికీ పది రోజులకోసారి మా ఇంట్లో ఉండాల్సిందే.

మేముండేది టోక్యోలో నిషి కసాయ్. ఎదొగావా వార్డులో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఏరియా, కందిపప్పు, కరివేపాకు, గోంగూర పచ్చడి అన్నీ నడిచెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ కొరొక్కెకి అవేవీ అక్కర్లేదు, బంగాళాదుంపలు, ఉల్లిపాయ, క్యారెట్, పాంకో అనే జపాన్ బ్రెడ్ పొడి ఉంటే చాలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు ఏది బదులు ఏది వాడుకోవాలో మధ్యమధ్యలో చెప్తూ ఉంటా.

అసలు కొరొక్కె అంటే ఏంటంటే, చూపుకి మన కట్లెట్‌కి చుట్టమే. ఫ్రెంచ్ వాళ్ల క్రోకెట్ అనే మాట జపాన్ వాళ్ల నోట్లో కొరొక్కె అయింది. మెయిజీ కాలంలో పడమటి వంటలతో పాటు వచ్చింది, తర్వాత తైషో కాలంలో, అంటే 1912 నుంచి 1926 దాకా, టొంకట్సు అనే పంది మాంసం కట్లెట్, కర్రీ రైస్, కొరొక్కె ఈ మూడూ జనంలోకి బాగా వెళ్లిపోయి జపాన్ వంటలే అయిపోయాయి. కట్లెట్‌లో రుచి అంతా మసాలాలో ఉంటుంది, అల్లం, పచ్చిమిర్చి, గరం మసాలా. కొరొక్కెలో మసాలా ఉండదు, దుంప తీపి, వేగిన ఉల్లిపాయ తీపి, కాస్త వెన్న, అంతే. పైన కరకరలాడే పెంకు, లోపల చిగుళ్లతో నలిపినా నలిగిపోయేంత మెత్తదనం. పసిపిల్లలకి అంత బాగా నచ్చేది అందుకే.

ఇక్కడ తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు సూపర్‌మార్కెట్లలో కొరొక్కెలు గుట్టగా పోసి అమ్ముతారు. 2001 ఆగస్టులో తుఫాను వస్తోందని ఎవరో 16 కొరొక్కెలు కొని పెట్టుకున్నామని ఆన్‌లైన్‌లో రాశారట, అప్పట్నుంచి తుఫాను అంటే కొరొక్కె అని దేశమంతా పాకిపోయింది. మనకి ముసురు పట్టిన రోజు పకోడీలు గుర్తొచ్చినట్టే, నాకైతే ఇది వినగానే ఈ ఊళ్లో ఇంకొంచెం సొంతవాళ్లున్నట్టు అనిపించింది.

శాకాహారులకి ఒక మాట ముందే చెప్పేయాలి. బయట కొనే కొరొక్కెలో "యసాయ్ కొరొక్కె" అంటే వెజిటబుల్ కొరొక్కె అని రాసున్నా అది మనం అనుకునే వెజ్ కాదు. జపాన్‌లో కొరొక్కెకి పేరున్నది మాంసం కొట్లలో, అక్కడ పంది కొవ్వులోనే వేయిస్తారు చాలావరకు, ముద్దలో కూడా కొంచెం కైమా కలుపుతారు, ఫ్రోజెన్ ప్యాకెట్లలో చికెన్ ఎక్స్‌ట్రాక్టో పోర్క్ ఎక్స్‌ట్రాక్టో ఉండటం మామూలే. మా అత్తయ్యగారు మూడు నెలలుండడానికి వచ్చినప్పుడు వీధి చివర కొట్లో వేడివేడిగా వేయిస్తుంటే ఆశగా రెండు కొనిచ్చాను, పైన కూరగాయల బొమ్మ ఉంది కదా అని. తినబోయే ముందు ఎందుకో అనుమానమొచ్చి వెనక్కెళ్లి నూనె ఏంటని అడిగితే లార్డ్, అంటే పంది కొవ్వు అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు గానీ నాకు చాలా బాధనిపించింది, పెద్దావిడ చేతిలో పెట్టింది తిరిగి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే నియమం ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోవడమే మంచిది, పాంకో ప్యాకెట్ కూడా ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోండి.

ఇప్పుడు దుంపల సంగతి. ఇక్కడ ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి, డాన్షకు, మే క్వీన్. కొరొక్కెకి డాన్షకునే తీసుకోవాలి, గుండ్రంగా గుంటలు గుంటలుగా ఉంటుంది, ఉడికితే పిండిపిండిగా విచ్చుకుంటుంది. డాన్షకు అంటే బారన్ అని అర్థం, కవాదా రియోకిచి అనే బారన్ 1908లో హొక్కాయిదోలో ఐరిష్ కాబ్లర్ అనే బయటి రకాన్ని తెప్పించి నాటించాడు, ఆ బిరుదే దుంపకి పేరైపోయింది. మే క్వీన్ పొడుగ్గా నున్నగా ఉండి ఉడికినా ముక్క విరగదు, కూరకి బాగుంటుంది గానీ మెదిపితే జిగురొస్తుంది. ఇండియాలో ఉన్నవాళ్లు రకం పేరు వెతుక్కోనక్కర్లేదు, గోరుతో గీరితే తొక్క ఊడొచ్చే కొత్త దుంపలు వద్దు, వాటిలో నీరెక్కువ, తొక్క మందంగా గరుగ్గా ఉన్న పాత దుంపలు తెచ్చుకోండి.

నేను చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, నీళ్లు. ముద్దలో తడి ఎంత తగ్గిస్తే కొరొక్కె అంత బాగొస్తుంది. మొదటిసారి చేసినప్పుడు దుంపలు ఉడికాక నీళ్లు వంపేసి వెంటనే మెదిపి, క్యారెట్ తురుము పచ్చిగానే కలిపేసి, ముద్ద ఇంకా గోరువెచ్చగా ఉండగానే చుట్టేసి నూనెలో వేశాను. అర నిమిషం బాగానే ఉంది, తర్వాత ఒక దాని పక్కన సన్నటి పగులు వచ్చింది, అందులోంచి తెల్లగా ఆవిరి బుస్సున తన్నుకొచ్చింది, దాని వెంటే లోపలి ముద్ద పేస్టులాగా బయటికి వచ్చేసింది, నూనె నురగలు కక్కింది, వరసగా నాలుగూ అలాగే విచ్చుకున్నాయి. లోపలున్న తడి వేడికి ఆవిరవుతుంది, ఆవిరికి చోటు చాలక పెంకు ఎక్కడ పల్చగా ఉంటే అక్కడ చీల్చుకుని వస్తుంది, అంతే జరిగేది. ఇది తెలిశాక ప్రతి మెట్టులో ఎందుకు అలా చేయమంటారో అర్థమైంది, ఆ తర్వాత ఒక్కటి కూడా పగల్లేదు.

ఇద్దరు పెద్దవాళ్లకీ ఒక చంటిదానికీ నేను తీసుకునేవి ఇవి. దుంపలు 500 గ్రాములు, అంటే మీడియం సైజువి ఒక నాలుగు. ఉల్లిపాయ పెద్దది ఒకటి. క్యారెట్ చిన్నది ఒకటి. స్వీట్ కార్న్ నాలుగు చెంచాలు. వెన్న 10 గ్రాములు. ఉప్పు చిటికెడు పిల్లకి, మాకు విడిగా. పై పూతకి మైదా 5 టేబుల్ స్పూన్లు, నీళ్లు 5 లేదా 6 టేబుల్ స్పూన్లు, పాంకో ఒక 100 గ్రాములు. గుడ్డు తినేవాళ్లయితే ఒక గుడ్డు, 4 టేబుల్ స్పూన్ల మైదా, 2 టేబుల్ స్పూన్ల నీళ్లు కలిపి గిలకొట్టుకోవచ్చు, మేం గుడ్డు వేయం, మైదా నీళ్లే చాలు, ఏ లోటూ ఉండదు. దీనికి పిల్లకి చిన్నవి తొమ్మిదో పదో, మాకు పెద్దవి ఆరు వస్తాయి.

దుంపలు తొక్క తీసి నాలుగేసి ముక్కలు చేసి చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి, మరిగే నీళ్లలో వేస్తే పైన చితికిపోయి లోపల గట్టిగా ఉంటుంది. చాకు గుచ్చితే జారిపోయేంత ఉడికాక నీళ్లు పూర్తిగా వంపేసి, ఆ గిన్నెని మళ్లీ పొయ్యి మీదే పెట్టి సన్న సెగ మీద గిన్నెని ఊపుతూ ఉండండి, ఒకటి రెండు నిమిషాలు. ముక్కల చుట్టూ తెల్లగా పిండి పట్టినట్టు అవుతుంది, గిన్నె అడుగున చిటచిటమని సౌండ్ వస్తుంది, ఆవిరి తగ్గిపోతుంది. కొఫుకి ఇమో అంటారు దీన్ని, పిండి ఊదిన దుంప అని. ఈ రెండు నిమిషాలు మాత్రం దయచేసి మానేయకండి, నేను పైన చెప్పిన గొడవలో సగం ఇక్కడే తీరిపోతుంది. కుక్కర్‌లో పెట్టేవాళ్లు దుంపలు నీళ్లలో మునగకుండా తొక్కతోనే ఆవిరి మీద ఉడికించుకుని, తొక్క తీశాక బాండీలో కాసేపు ఆరనివ్వండి.

వేడి మీదే మెదపాలి, చల్లారాక మెదిపితే జిగురు తిరుగుతుంది. మిక్సీ వద్దే వద్దు, సాగే పేస్టు అయిపోతుంది. నేను ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న పప్పుగుత్తితోనే మెదుపుతాను, చెక్కది, దానంత బాగా ఏదీ పనిచేయదు. పెద్దవాళ్లకైతే అక్కడక్కడా పలుకు తగిలితే బాగుంటుంది, పసివాళ్లకి మాత్రం ఉండ లేకుండా మెదపండి. వెన్న ఇప్పుడే వేసేస్తే వేడికి కరిగి కలిసిపోతుంది. పాలు పోయొద్దు, చాలా రెసిపీల్లో పోస్తారు గానీ తడిని మళ్లీ తెచ్చి పెట్టుకోవడమే అది.

ఈలోగా ఉల్లిపాయ వీలైనంత సన్నగా తరిగి, చెంచా నూనెలో సన్న సెగ మీద వేయించండి, ఎర్రగా కాదు, మెత్తబడి అద్దంలా మెరిసి తీపి వాసన వచ్చేదాకా, ఒక పది నిమిషాలు ఓపిగ్గా. క్యారెట్ సన్నటి తురుముగా చేసి అందులోనే వేసి నీరు ఇంకిపోయేదాకా తిప్పండి, గరిటెతో పక్కకి నెడితే బాండీ అడుగు పొడిగా కనిపించాలి. కార్న్ గింజలు పసివాళ్లకి గింజలుగా ఉంచొద్దు, కత్తితో కచ్చాపచ్చాగా నరికేయండి, బఠాణీ అయితే చిదిమేయండి, గుండ్రంగా జారేది ఏదైనా గొంతులో ఇరుక్కుంటుంది. మన వాళ్లు కట్లెట్ల మీద జీడిపప్పు గుచ్చుతారు కదా, అది కూడా వద్దు, గట్టి పప్పులు, నట్స్ ఐదేళ్ల పిల్లలకీ అంతకంటే చిన్నవాళ్లకీ పెట్టొద్దని ఇక్కడ కన్స్యూమర్ అఫైర్స్ ఏజెన్సీ గట్టిగా చెప్తుంది.

క్యాబేజీ, పాలకూర, బీన్స్ ఏదైనా వేసుకోవచ్చు, నియమం ఒక్కటే, విడిగా మగ్గించి నీరు పిండేశాకే దుంపలో కలపాలి. పాలకూర అయితే ఉడికించి పిడికిట్లో పెట్టి గట్టిగా పిండితే ఎంత నీరొస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది. మా పాప ఆకుకూర నేరుగా పెడితే మొహం తిప్పేస్తుంది, ఇందులో ఉంటే ఆకుపచ్చ కనిపించినా తినేస్తుంది. కూరగాయలన్నీ కలిపి దుంపలో మూడో వంతు మించకుండా చూసుకోండి, ఎక్కువైతే ముద్ద నిలవదు.

కబొచాతో కూడా చేస్తారు ఇక్కడ, ముదురాకుపచ్చ తొక్క, నారింజ రంగు కండ ఉండే గుమ్మడికాయ, చెస్ట్‌నట్ లాగా పొడిపొడిగా తియ్యగా ఉంటుంది, దుంప లేకుండా దాంతోనే కొరొక్కె అవుతుంది, పిల్లలకి చాలా ఇష్టం. మన తియ్య గుమ్మడికాయలో నీరెక్కువ కాబట్టి దాంతో చేయాలంటే సగం దుంప కలపండి, లేదా చిలగడదుంప వాడండి, చిలగడదుంప అయితే భలే కుదురుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి తల్లులకి తొరివాకె అనే అలవాటుంది, అంటే ఇంట్లో అందరికీ చేసే వంటలోంచే ఉప్పు కారం కలపకముందే చంటిబిడ్డ వాటా తీసి పక్కన పెట్టడం. పిల్లకి విడిగా వంట, మనకి విడిగా వంట అని రెండుసార్లు నిలబడక్కర్లేదు, పిల్ల కూడా మనం తినేదే తింటుంది. మన ఇళ్లలో పప్పులో పోపు పెట్టకముందు పిల్లాడికి గరిటెడు తీసేది అమ్మమ్మ, అదే ఇది. ముద్ద అంతా కలిశాక మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ పక్కకి తీసి చిటికెడు ఉప్పు మాత్రం కలపండి, అసలు వేయకపోయినా పర్లేదు, వెన్న ఉల్లిపాయ రుచే చాలు. మిగిలిన దాంట్లో మాకు ఉప్పు, మిరియాల పొడి, అర చెంచా సోయా సాస్, ఒక్కోసారి జపాన్ కర్రీ పౌడర్, మావారికి కారం తగలకపోతే తిన్నట్టుండదు కాబట్టి సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర. ముద్ద ఒకటే, దారులే రెండు.

రెండు ముద్దల్నీ వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి చల్లారనివ్వండి, ఆవిరి పోయాక మూత పెట్టి ఫ్రిజ్‌లో అరగంట. చల్లగా గట్టిపడిన ముద్ద చేతికి అంటదు, పగుళ్లు రావు, నూనెలో పైన రంగు వచ్చేసరికి లోపల ఆవిరి పుట్టేంత వేడెక్కదు. తొందరలో ఉంటే ఈ అరగంటలో క్యాబేజీ తరుక్కోండి గానీ దీన్ని మాత్రం దాటేయొద్దు.

షేపులు కూడా రెండు. పెద్దవాళ్లకి కోబాన్, పాతకాలం బంగారు నాణెంలా కోలగా చదునుగా, 70 గ్రాములు. పిల్లకి తవారా, అంటే వరిగడ్డి బస్తాలాంటి చిన్న స్తంభం షేపు, 25 గ్రాములు, మా పాప బొటనవేలు చూపుడువేలు మధ్య సరిగ్గా పట్టుకునేంత. చేతికి చుక్క నూనె రాసుకుని, ముద్దని ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి నాలుగైదు సార్లు తట్టితే లోపలున్న గాలి పోతుంది, తర్వాత వేలితో అంచులన్నీ నున్నగా రుద్దేయండి. చిన్న చీలిక కనిపించినా అక్కడే మూసేయాలి, నూనెలో అది పెద్దదవుతుంది.

పూతకి పొడి మైదా, తర్వాత గుడ్డు, తర్వాత పాంకో అని మూడు పళ్లేలు పెట్టుకునేది పాత పద్ధతి. ఇక్కడ ఇళ్లలో చాలామంది చేసేది మైదా, తడి కలిపేసి ఒకే పిండిగా వాడటం, నేనూ అదే. దోసెల పిండి కంటే ఇంకొంచెం చిక్కగా ఉండాలి, కొరొక్కెని ముంచి ఎత్తితే లోపలి రంగు కనపడకుండా కప్పుకోవాలి. చుట్టూ ఒక్క చోట కూడా ఖాళీ లేకుండా పట్టాలి. అక్కణ్నుంచి పాంకో పళ్లెంలోకి, పైన కూడా పాంకో పోసి గుప్పిట్లో మెల్లగా అదమండి. ఒక చెయ్యి తడికి, ఒక చెయ్యి పొడికి పెట్టుకుంటే వేళ్లకి ముద్దలు కట్టవు. ఈ అదమడం మా పాప పని, చిన్న స్టూల్ వేసి నిలబెడతాను, "గ్యూ గ్యూ" అంటూ నొక్కుతుంది, డేకేర్‌లో నేర్చుకున్న మాటే అది, గట్టిగా నొక్కు అని. తన చేత్తో నొక్కినవే ముందు తింటుంది.

పాంకో గురించి రెండు ముక్కలు. జపాన్ పాంకో రేకులు రేకులుగా పెద్దగా ఉంటుంది, అందుకే అంత కరకర. కానీ రెండేళ్ల పిల్లకి ఆ అంచులు అంగిట్లో గుచ్చుకుంటాయి, మొదట్లో మా పాప పెంకు ఒలిచేసి లోపలిదే తినేది, ఎందుకో నాకు అర్థం కాలేదు, డేకేర్ టీచరే చెప్పారు, పాంకోని జిప్ కవర్లో వేసి అప్పడాల కర్రతో మెత్తగా నలిపేయండి అని. నలిపితే నూనె కూడా తక్కువ పీలుస్తుంది. మావాటికి అలాగే పెద్ద రేకులు. ఇండియాలో పాంకో పెద్ద సూపర్‌మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దొరక్కపోతే తెల్ల బ్రెడ్ అంచులు తీసి, ఫ్రిజ్‌లో గట్టిపరిచి పెద్ద కన్నాల తురుము పీట మీద తురిమి, ట్రేలో ఆరబెట్టుకోండి, మిక్సీ కొట్టిన పొడి కంటే ఇది బాగుంటుంది. పాంకోలో గోధుమ ఎలాగూ ఉంటుంది, కొన్నిట్లో పాలు, సోయా కూడా ఉంటాయి, ఎలర్జీ ఉన్న పిల్లలయితే లేబుల్ చదవాలి. మా ఫ్రెండ్ వాళ్ల బాబుకి గోధుమ పడదు, ఆవిడ బియ్యప్పిండి చిక్కగా కలిపి అందులో ముంచి, పల్చటి అటుకులు చేత్తో నలిపి అద్దుతుంది, అది కూడా చక్కగా వేగుతుంది.

వేయించడం. లోపలిదంతా ముందే ఉడికిపోయింది, కాబట్టి నూనెలో మనకి కావాల్సింది పైన రంగు, లోపల వేడి మాత్రమే. నూనె 175 నుంచి 180 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే పాంకో రేకు ఒకటి వేయండి, అడుక్కి పోతే ఇంకా కాగలేదు, వేసీ వేయగానే పైనే చిందరవందరగా పరుచుకుని వేగిపోతే రెడీ. పొడి చెక్క చాప్‌స్టిక్ ముంచితే మొత్తం చుట్టూ బుడగలు గబగబా రావాలి. మూడేసి కంటే ఎక్కువ వేయకండి, ఒక్కసారిగా నింపేస్తే నూనె చల్లబడి, పూత గట్టిపడేలోపే లోపలి తడి బయటికి వచ్చేస్తుంది. వేశాక ఒక నిమిషం గరిటె పెట్టొద్దు, చేతులు కట్టుకుని నిలబడండి. పెంకు గట్టిపడ్డాక ఒక్కసారి తిప్పి, మొత్తం రెండున్నర మూడు నిమిషాల్లో తీసేయండి. రంగు ఎలా ఉండాలంటే ఇక్కడ కిత్సునె ఇరో అంటారు, నక్క రంగు. బంగారు రంగు అనే మాట కంటే నాకు ఇదే కరెక్ట్‌గా అనిపిస్తుంది, కొంచెం ఎరుపు, కొంచెం గోధుమ. తీశాక పేపర్ మీద పడుకోబెడితే కింద వైపు మెత్తబడిపోతుంది, చిల్లుల స్టాండు మీద నిలబెట్టండి. నూనె పొయ్యి మీద ఉన్నంతసేపూ పిల్లని వంటింట్లోకి రానివ్వను, పాంకో పని అయిపోగానే నాన్న దగ్గరికి పంపేస్తాను, బాండీ వెనక బర్నర్ మీదే పెడతాను.

పిల్లకి ప్రతిసారీ నూనెలో వేయించను. సగం సార్లు వేయించకుండానే చేస్తాను, అగెనాయ్ కొరొక్కె అంటారు. పాంకోని ముందుగానే పెనం మీద చెంచా నూనె వేసి నక్క రంగు వచ్చేదాకా వేయించుకుని, చల్లారాక కొరొక్కెలకి అద్ది, టోస్టర్ ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు పెడితే చాలు. పాంకో ముందే వేగి ఉంది కాబట్టి పాలిపోయినట్టుండదు. తెల్ల పాంకో అద్ది నేరుగా ఓవెన్‌లో పెడితే మాత్రం పొడిపొడిగా రాలిపోతుంది, నేను రెండుసార్లు చేసి మానేశాను. ఏడాదిన్నర లోపు పిల్లలకైతే నా మాట వినండి, పూత వద్దు, లోపలి ముద్దనే చిన్న బిళ్లలు చేసి పెనం మీద వెన్నతో అటూ ఇటూ కాల్చి ఇవ్వండి.

చుట్టే ఓపిక కూడా లేని రోజు ఉంటుంది కదా, ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడైపోయి పిల్ల ఆకలికి ఏడుస్తున్న రోజు, అప్పుడు స్కొప్పు కొరొక్కె. స్కొప్పు అంటే పార. ముద్దని గాజు బేకింగ్ గిన్నెలో పరిచేసి పైన వేయించిన పాంకో చల్లేసి స్పూన్‌తో తవ్వుకుని తినేయడమే. నీటి గొడవ లేదు, పగిలే భయం లేదు, గిన్నెలో సగం పిల్ల వైపు, సగం మా వైపు, మధ్యలో క్యారెట్ ముక్కతో గీత.

పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. పైన గోరువెచ్చగా ఉన్నా లోపల చాలాసేపు మండుతూనే ఉంటుంది, దుంప వేడిని వదలదు. పిల్లవి ముందే వేయించి, రెండుగా విరిచి, లోపలి భాగాన్ని మన పెదవికి తాకించి చూసి అప్పుడు ఇవ్వండి. సాస్ పిల్లకి వద్దు, ఇక్కడ వేపుళ్ల మీద పోసుకునే టొంకట్సు సాస్‌లో గానీ చూనో సాస్‌లో గానీ ఉప్పు, పంచదార బాగానే ఉంటాయి. మా పాప పెరుగులో ముంచుకుంటుంది, అది తనంతట తనే కనిపెట్టింది. పెద్దవాళ్లకి చూనో సాస్, పక్కన దారాల్లాగా తరిగి పది నిమిషాలు ఐస్ నీళ్లలో వేసి తీసిన పచ్చి క్యాబేజీ, సోయా ముద్దతో చేసే మిసో సూప్, అన్నం. మా ఇంట్లో మాత్రం మిసో సూప్ బదులు చారు, చారన్నంలోకి కొరొక్కె నంజుకుంటే అప్పడం, వడియం రెండూ కలిసినట్టుంటుంది, అత్తయ్యగారు ఇండియా వెళ్లాక ఫోన్‌లో మొదట అడిగిన రెసిపీ ఇదే, ఇప్పుడు ఆవిడ చిలగడదుంపతో చేస్తున్నారు.

దాచుకోవాలంటే పాంకో అద్దాక, వేయించకముందే ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి ఫ్రీజ్ చేసి, గట్టిపడ్డాక కవర్లో వేసుకోండి, రెండు మూడు వారాల్లో వాడేయండి. వేయించేటప్పుడు బయట పెట్టి కరిగించొద్దు, కరిగితే పైన నీళ్లూరి మళ్లీ అదే పగుళ్లు. ఫ్రీజర్ నుంచి నేరుగా 165, 170 డిగ్రీల నూనెలో రెండేసి వేసి, నెమ్మదిగా ఐదారు నిమిషాలు వేయించి, మధ్యలో పుల్ల గుచ్చి తీసి చూడండి, పుల్ల మొన వేడిగా ఉండాలి. పిల్లల బాక్సులో పెట్టేవైతే పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, లేకపోతే ఆవిరికి పెంకు నానిపోతుంది, త్వరగా పాడవుతుంది కూడా. మిగిలిపోయినవి మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు, తర్వాత టోస్టర్‌లో మూడు నిమిషాలు, ఈ వరసలోనే. మర్నాడు పొద్దున్న మావారు వాటిని బ్రెడ్ మధ్యలో క్యాబేజీతో పాటు పెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్తారు, పాప చేతిలో ఒక చిన్న తవారా పెడితే డేకేర్ గేటు దాకా అదే కొరుక్కుంటూ నడుస్తుంది.